ఫిరంగి - కుంచె : సుల్తాన్ రెండవ మెహమ్మద్ జీవితం

చరిత్ర చదివే మన విద్యార్థులందరికీ ఒక ప్రశ్న కంఠతా వచ్చు. ఐరోపాలో సాంస్కృతిక పునరుజ్జీవనానికి కారణాలేమిటి? జవాబులో మొదటి అంశం కూడా కంఠతానే. 1453లో తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకున్నారు, అక్కడి గ్రీకు పండితులు పుస్తకాలు చంకన పెట్టుకొని ఇటలీకి పారిపోయారు, దానితో కొత్త వెలుగు పుట్టింది. అది రాస్తాం, మార్కులు పడతాయి, పేజీ తిప్పేస్తాం. ఆ నగరాన్ని పట్టుకున్నవాడెవడు, ఎటువంటివాడు అని మాత్రం అడగం. అడిగి చూస్తే మనం కంఠతా పట్టిన జవాబే కొంత తారుమారవుతుంది.

అతని పేరు రెండవ మెహమ్మద్. 1432 మార్చి 30న ఎదిర్నే నగరంలో పుట్టాడు. తండ్రి ఆటోమన్ సుల్తాన్ రెండవ మురాద్, తల్లి అంతఃపురంలో ఒక దాసి. చిన్నప్పుడు చదువంటే గిట్టేది కాదట. చివరికి తండ్రి ముల్లా గురానీ అనే పండితుణ్ణి పిలిచి, చేతికి బెత్తం కూడా ఇచ్చి పంపాడని చెబుతారు. రాకుమారుడికైనా బెత్తం తప్పలేదన్నమాట! ఆ తరువాత మాత్రం చదువు బాగానే వంటబట్టింది. అరబ్బీ, పారశీక భాషలు నేర్చుకొన్నాడు. పెద్దయ్యాక అవ్నీ అనే కలం పేరుతో తురుష్క భాషలో కవిత్వం కూడా రాశాడు.

పన్నెండేళ్ల వయసులో, 1444లో, తండ్రి అతనికి సింహాసనం అప్పగించి తాను తప్పుకొన్నాడు. అదే సంవత్సరం క్రైస్తవ సైన్యాలు దండెత్తి వచ్చాయి. పిల్లవాడి వల్ల ఏమవుతుంది? తండ్రే తిరిగివచ్చి వార్నా వద్ద యుద్ధం గెలిచాడు. 1446లో ప్రధానమంత్రి హలీల్ పాషా చొరవతో తండ్రి మళ్లీ గద్దెనెక్కాడు, కొడుకు దిగిపోయాడు. ఇచ్చిన గద్దెను నలుగురి ముందూ లాక్కొంటే ఆ వయసు కుర్రవాడి మనసులో ఏం నాటుకొంటుందో మనం ఊహించుకోవచ్చు. 1451లో తండ్రి చనిపోగా రెండోసారి సుల్తాన్ అయ్యాడు. అప్పటికి పందొమ్మిదేళ్లు కూడా నిండలేదు. గద్దెనెక్కీ ఎక్కగానే పసివాడైన సవతి తమ్ముణ్ణి స్నానశాలలో ముంచి చంపించాడు. రాజ్యం కోసం అన్నదమ్ములను చంపటాన్ని తరువాత చట్టంగానే రాయించాడు. ఇతని గొప్పతనం చెప్పుకొనే ముందు ఈ మాట కూడా చెప్పుకోవాలి.

అప్పటికి కాన్‌స్టాంటినోపుల్ పేరుకే మహానగరం. చుట్టూ భూమి అంతా తురుష్కులదే. లోపల మిగిలిన జనం సుమారు యాభై వేలు. కాని అయిదో శతాబ్దంలో కట్టిన ఆ మూడు వరుసల కోటగోడను వెయ్యేళ్లుగా ఏ సైన్యమూ బద్దలు కొట్టలేకపోయింది. 1452లో మెహమ్మద్ బాస్ఫరస్ జలసంధి ఒడ్డున నాలుగైదు నెలల్లోనే ఒక కోట కట్టించి ఓడల దారి బిగించాడు. ఆ రోజుల్లోనే హంగేరీ నుంచి వచ్చిన ఓర్బన్ అనే ఫిరంగులు పోతపోసే పనివాడు ముందుగా కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి పదకొండవ కాన్‌స్టాంటైన్ దగ్గరకు వెళ్లాడు. చక్రవర్తి ఖజానాలో జీతానికి డబ్బులేదు. ఓర్బన్ సుల్తాన్ దగ్గరకు వచ్చాడు. సుల్తాన్ అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాడు. ఎదిర్నేలో పోతపోసిన ఆ పెద్ద ఫిరంగి పొడవు సుమారు ఎనిమిది మీటర్లు. దాన్ని అరవై ఎద్దులు లాగాయని ఆనాటి వారు రాశారు. రోజుకు ఏడెనిమిది సార్లకు మించి పేలేది కాదు, కాని పేలినప్పుడల్లా అయిదారువందల కిలోల రాతిగుండు గోడకు తగిలేది.

1453 ఏప్రిల్ 6న ముట్టడి మొదలైంది. లోపల పోరాడగలవారు ఏడువేలు ఉంటే ఎక్కువ, బయట అరవై వేలకు తక్కువ లేరు. గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయకు గ్రీకులు అడ్డంగా ఇనుపగొలుసు కట్టారు. ఓడలు నీళ్లమీద పోలేకపోతే నేలమీద పోతాయి అనుకొన్నాడు మెహమ్మద్. ఏప్రిల్ 22న సుమారు డెబ్బై ఓడలను కొవ్వు రాసిన దుంగల మీద గుట్ట ఎక్కించి అవతలి నీళ్లలోకి దింపించాడు. మే 29 తెల్లవారేసరికి గోడ విరిగింది. చక్రవర్తి పోరాడుతూ చనిపోయాడు. సుల్తాన్‌కు అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు.

తరువాత నగరం దోపిడీ పాలైంది. వేలాదిమంది బానిసలయ్యారు. హేగియా సోఫియా చర్చి మసీదు అయింది. (అది 1934 నిర్ణయంతో మ్యూజియం అయి, 2020లో మళ్లీ మసీదు అయింది.) ముట్టడి వద్దన్న హలీల్ పాషా తల కొద్ది రోజుల్లోనే పోయింది; పాత బాకీ తీరింది. అయితే పాడుపడిన నగరాన్ని అలాగే వదిలిపెట్టలేదు. గెన్నాదియోస్ అనే గ్రీకు పండితుణ్ణి 1454లో క్రైస్తవులకు మతాధిపతిగా నియమించాడు. ముస్లిములను, గ్రీకులను, యూదులను, ఆర్మీనియన్లను తెచ్చి అక్కడ స్థిరపరిచాడు. అందులో ఇష్టపడి వచ్చినవారూ ఉన్నారు, బలవంతాన వచ్చినవారూ ఉన్నారు. బజారు కట్టించాడు. తన పేర పెద్ద మసీదు, దాని చుట్టూ ఎనిమిది ఉన్నత మదర్సాలు కట్టించాడు.

ఇప్పుడు మన పరీక్ష ప్రశ్నకు వద్దాం. గ్రీకు భాష చెప్పటానికి క్రిసొలోరాస్ అనే పండితుడు ఫ్లారెన్స్ చేరింది 1397లో. ఆ నగరపు చర్చి మీద బ్రూనెల్లెస్కీ కట్టిన గుమ్మటం పూర్తయింది 1436లో. అంటే ఓర్బన్ ఫిరంగి పేలేనాటికే ఇటలీలో కొత్త వెలుగు బాగా వచ్చేసింది. కాన్‌స్టాంటినోపుల్ పతనం తరువాత వెళ్లిన పండితులు ఆ వెలుగుకు నూనె పోశారు, నిజమే. దీపం వెలిగించింది మాత్రం వారు కాదు.

పైగా పండితులందరూ పారిపోనూ లేదు. క్రిటోవులోస్ అనే గ్రీకు మెహమ్మద్ చరిత్రను గ్రీకు భాషలోనే రాసి ఆయనకే అంకితమిచ్చాడు. ట్రెబిజాండ్ నుంచి వచ్చిన అమిరుట్జెస్ చేత సుల్తాన్ టాలెమీ భూగోళశాస్త్రం ఆధారంగా ప్రపంచ పటం గీయించుకొన్నాడు. తూర్పున సమర్కండ్‌లో ఉలుగ్ బేగ్ వేధశాలలో పనిచేసిన ఖగోళ పండితుడు అలీ కుష్జీ కూడా ఆయన పిలుపుమీదే వచ్చి, 1474లో ఇస్తాంబుల్‌లోనే చనిపోయాడు.

యుద్ధాలు మాత్రం ఆగలేదు. 1456లో బెల్‌గ్రేడ్ దగ్గర ఓడిపోయాడు. 1473లో తూర్పున ఉజున్ హసన్ అనే తుర్కమాన్ రాజును ఫిరంగుల బలంతో ఓడించాడు. ఈ ఉజున్ హసన్ అంతకుముందే కారా కొయున్లు వంశాన్ని కూలదోసినవాడు. ఆ వంశంవాడైన సుల్తాన్ కులీ మన దక్కనుకు వచ్చి గోల్కొండ రాజ్యం స్థాపించాడు. చూశారా, ఎక్కడి తీగ లాగితే ఎక్కడి డొంక కదిలిందో!

వెనిస్‌తో 1463లో మొదలైన యుద్ధం 1479 జనవరిలో సంధితో ముగిసింది. పదహారేళ్లు పోరాడిన శత్రువును సుల్తాన్ ఏమి అడిగాడనుకొన్నారు? సంధి ప్రకారం పన్ను ఎలాగూ వస్తుంది. అది కాక ఒక మంచి చిత్రకారుణ్ణి పంపమని అడిగాడు. వెనిస్ తన అధికార చిత్రకారుడు జెంటిలే బెల్లినీనే పంపింది. ఆ ఏడాదే ఫ్లారెన్స్‌లో లోరెంజో మెదిచీ తమ్ముణ్ణి చంపి ఇస్తాంబుల్‌లో దాక్కొన్న బండీనీని పట్టించి లోరెంజోకు అప్పగించాడు. అతన్ని ఉరితీసినప్పుడు ఆ శవాన్ని చూసి బొమ్మ గీసినవాడు లియొనార్డో దావించి. లోరెంజో కృతజ్ఞతగా సుల్తాన్ బొమ్మతో కంచు పతకం పోయించాడు. తూర్పు పడమరల మధ్య గోడ ఉందని మనం అనుకొంటాం. వాళ్లు మాత్రం ఇరుగుపొరుగు వాళ్లలాగే పోట్లాడుకొన్నారు, ఇచ్చిపుచ్చుకొన్నారు.

బెల్లినీ వేసిన సుల్తాన్ చిత్రం మీద 1480 నవంబరు 25 అని తేదీ ఉంది. సన్నని ముక్కు, చిన్న గడ్డం, తెల్లని తలపాగా, అలసిన ముఖం. అప్పటికే జబ్బు మనిషి. మరుసటి ఏడాది మే 3న, కొత్త దండయాత్రకు బయలుదేరిన దారిలోనే, నలభై తొమ్మిదో ఏట చనిపోయాడు. వెంటనే కొడుకులు బాయజీద్, జెమ్ కత్తులు దూశారు. తండ్రి రాయించిన చట్టం తన ఇంటికే వచ్చింది. ఓడిన జెమ్ ఐరోపాలో బందీగా తిరిగి తిరిగి 1495లో నేపుల్స్‌లో చనిపోయాడు. గెలిచిన బాయజీద్‌కు తండ్రి సేకరించిన బొమ్మలు గిట్టలేదు. వాటిని బజారులో అమ్మించాడని చెబుతారు. బెల్లినీ చిత్రం వెనిస్‌లో తేలి, 1916లో లండన్ నేషనల్ గ్యాలరీకి చేరింది.

ఫిరంగి ఆ సామ్రాజ్యానికి ఆస్తి అయింది. దానికి కార్ఖానాలు, జీతాలు, పనివాళ్లు, వారసులు ఏర్పడ్డారు. కుంచె ఒక మనిషి ముచ్చటగానే ఉండి, ఆ మనిషితోపాటే గడపదాటింది. ఇది మెహమ్మద్ ఒక్కడి కథ కాదు, అతని మతం సంగతి అసలే కాదు. ఓర్బన్‌కు మతం అడ్డురాలేదు, బెల్లినీకీ రాలేదు. ఏ దేశంలోనైనా విద్య ఒక ప్రభువు అభిరుచి మీద నిలిస్తే దాని ఆయుష్షు ఆ ప్రభువు ఆయుష్షే. పదిమంది చేతుల్లో పడితేనే నాలుగు కాలాలపాటు నిలుస్తుంది. ఈసారి పరీక్షలో ఆ ప్రశ్న వస్తే పాత జవాబే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. కాని హాలు బయటికి వచ్చాక, తాను కూల్చిన గోడల నడుమ కూర్చుని బొమ్మ గీయించుకొన్న ఆ అలసిన మనిషి ముఖాన్ని ఒక్కసారి తలచుకోండి.