శోకమెరిగిన పాకశిల్పి: అలెక్సిస్ సోయర్

మంచి వంటను మనవారు నలభీమపాక మందురు. ఆ యిరువురును దుఃఖకాలముననే గరిట పట్టిరన్న సంగతి మనకు తరచుగా తోపదు. నలుడు దమయంతిని బాసి బాహుకుడై ఋతుపర్ణుని కొలువు చేసెను. భీముడు ద్రౌపది పరాభవమును కడుపులో దాచుకొని వలలుడను పేర విరటుని వంటశాలలో చేరెను. పొయ్యి యెదుట నిలిచినవాని కంట నీరు పొగవలన వచ్చినదో, లోపలి బాధవలన వచ్చినదో విస్తరిముందు కూర్చున్నవాడు విచారింపడు. పందొమ్మిదవ శతాబ్దమున లండన్ నగరములో పేరుగాంచిన అలెక్సిస్ సోయర్ జీవితము ఈ విషయమునే జ్ఞప్తికి తెచ్చును.

సోయర్ 1810వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములోని మో పట్టణమున జన్మించెను. బాల్యముననే వంటపని నేర్చి, ఇరువదియేండ్లకు ప్రధానమంత్రి పోలిన్యాక్ ప్రభువు పాకశాలలో కుదిరెను. 1830 జూలై విప్లవమున జనులు ఆ వంటయింటిపై బడగా, సోయర్ గొంతెత్తి విప్లవగీతము పాడి ప్రాణము దక్కించుకొనెనని చెప్పుదురు. కూనిరాగము తీయుట వంటవారికి అలవాటే కాని, దానివలన తల నిలిచిన వారు అరుదు.

పిమ్మట ఆయన లండను చేరెను. 1837లో రిఫారం క్లబ్బునకు ప్రధాన పాచకుడయ్యెను. ఆ యేటనే ఎమ్మా జోన్సు అను చిత్రకారిణిని వివాహమాడెను. మరుసటి యేడు విక్టోరియా రాణి పట్టాభిషేక దినమున రెండువేలమందికి ఉదయపు విందు సమకూర్చెను. 1841లో తెరువబడిన క్లబ్బు నూతన భవనములో గ్యాసు పొయ్యిలు, వేడిమిని హెచ్చించి తగ్గించుటకు వీలైన సాధనములు అమర్పించెను. భోజనమునకే గాక వంటయిల్లు చూచుటకును పెద్దలు వచ్చుచుండిరి.

1842 ఆగస్టులో సోయర్ బ్రస్సెల్సునకు వెళ్లియుండెను. లండనులో నొకనాడు ఉరుములు మెరుపులతో గాలివాన వచ్చెను. గర్భవతియైన ఎమ్మా బెదరి, అకాల ప్రసవవేదనపడి మరణించెను. ఆమెకు ముప్పదియేండ్లైనను నిండలేదు. సోయర్ తిరిగివచ్చునప్పటికి పలుకరించుటకు మనిషి లేదు.

మన యిండ్లలో మరణము సంభవించిన దినమున పొయ్యి వెలిగింపరు. ఇరుగుపొరుగువారు వండి తెచ్చి, బలవంతముగా రెండు ముద్దలు తినిపింతురు. కాని ఊరికంతకు వండిపెట్టువానికి ఏమి వండి తీసికొనిపోగలము? ఉప్పు చాలలేదని అతడు మనసులో అనుకొనునేమోయని భయము! సోయరు వద్దకు ఒక చమత్కారి వంటకమునకు బదులు శ్లేషను కొనిపోయెనని కథనము కలదు. ఫ్రెంచిభాషలో ఆయన పేరు పలికినచో 'ఉండుడు' అను అర్థమిచ్చు క్రియవలె వినబడును. దానికి ప్రశాంతతను దెలుపు మాటనొకదానిని చేర్చి, సమాధిపై చెక్కింపుమని ఆ మిత్రుడు సూచించెనట. పోయినవారిని శాంతిగా నుండుడని దీవించినట్లును, ఉన్నవానిని పేరుపెట్టి ఓదార్చినట్లును, ఇక నీకు ఇంట నెమ్మదియేనని మెల్లగా ఆటపట్టించినట్లును రెండుమాటలలోనే అమరినది. మన శ్లేషకవులు వినినచో తలయూపి యుందురు.

సోయర్ కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఎమ్మాకు గొప్ప స్మారకము కట్టించెను. దాని ముందు 'ఆమెకు' అని మాత్రము అర్థమిచ్చు రెండు చిన్న ఆంగ్లపదములు చెక్కించెను. చమత్కారము రాతి కెక్కలేదు. లోకము నాలుకపై నిలిచినది.

పేరులోని ఆ యుపదేశమును సోయర్ ఎన్నడును పాటింపలేదు. ఆయనకు ప్రశాంతముగా కూర్చుండుట చేతకాలేదు. బంగాళదుంప పంట తెగులుతో నాశనమై ఐర్లండు ఆకలితో అలమటించుచుండగా, 1847లో ప్రభుత్వము కోరికపై డబ్లిను వెళ్లి, పెద్ద బాయిలరుతో అన్నసత్రము వంటి సూపుశాల నెలకొల్పెను. గంట మ్రోగగనే ఒక పంక్తి లేచి మరియొక పంక్తి కూర్చుండెడిది. రోజుకు వేలమంది ఆకలి తీర్చుకొనిరి. ఆ సూపులో బలము చాలదని వైద్యులు ఆక్షేపించిన మాటయు నిజమే. 1850లో క్లబ్బు విడిచి, మరుసటి యేడు మహాప్రదర్శన సమయమున స్వంత భోజనశాల తెరచి ఏడువేల పౌనులు నష్టపోయెను.

1855లో తన ఖర్చుతోనే క్రిమియా యుద్ధరంగమునకు పయనమయ్యెను. స్కుటారి ఆసుపత్రిలో ఫ్లారెన్సు నైటింగేలుతో కలిసి పనిచేసెను. మాంసముడికిన సారవంతమైన నీటిని పారబోయు పద్ధతిని మాన్పించి, సైనికులకు వంట నేర్పెను. తక్కువ కట్టెలతో మండునట్టియు, మంట వెలికి కానరానట్టియు పొయ్యిని కల్పించెను. ఆ పొయ్యి కొద్ది మార్పులతో ఇరువదవ శతాబ్దము చివరివరకు బ్రిటిషు సైన్యమున వాడుకలో నుండెను.

యుద్ధభూమిలో సోకిన జ్వరముతో ఆయన ఆరోగ్యము చెడినది. 1858 ఆగస్టు 5న, నలుబదియెనిమిదేండ్ల వయసున, సోయర్ కన్నుమూసెను. ఆ మరణము పూడ్చరాని లోటని నైటింగేలు భావించెను. ఆయనను ఎమ్మా సమాధిలోనే ఉంచిరి. ఆమె పోయిన పదునారేండ్లకు ఆ మిత్రుని చమత్కారము సత్యమయ్యెను. వండి పెట్టుటలో విశ్రాంతి యెరుగని చేతులకు అప్పుడు నెమ్మది కలిగినది.