జోసెఫ్ లిస్టరు: చర్మశుద్ధిని నేర్పిన శస్త్రవైద్యుడు

నేడు ఏ ఆసుపత్రిలోనైనను రోగిని శస్త్రచికిత్సకై బల్లపై పరుండబెట్టిన పిమ్మట మొదట జరుగు పని కత్తి పట్టుట కాదు. కోయవలసిన చోట చర్మమును మందుతో తుడుచుట. ముదురు గోధుమవన్నె గల అయొడిను మందునో, స్పిరిటుతో కలిపిన మరియొక మందునో పూసి, అది ఆరిన తరువాతనే వైద్యుడు కత్తిని చేపట్టును. సూదిమందు వేయించుకొనబోయిన పిల్లవాడు సైతము స్పిరిటు దూది చల్లదనమును ఎరుగును. ఇంత చిన్నదిగా కనబడు ఈ ఆచారము ఊరకే వచ్చినది కాదు. దాని వెనుక ఒక మహనీయుని జీవితకాలపు పరిశ్రమ కలదు. ఆయనయే జోసెఫ్ లిస్టరు.

లిస్టరు 1827వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన ఇంగ్లండు దేశమున ఎసెక్సు మండలమందలి అప్టన్ అను గ్రామమున జన్మించెను. తండ్రి జోసెఫ్ జాక్సన్ లిస్టరు ద్రాక్షమద్యపు వర్తకుడు. నిరాడంబరతకు పేరుపడిన క్వేకరు శాఖకు చెందినవాడు. ఆయన వ్యాపారము చేసికొనుచునే తీరిక వేళలలో కటకములను గురించి కృషిచేసి, రంగులు చెదరకుండ స్పష్టముగా చూపు సూక్ష్మదర్శినిని రూపొందించెను. అందులకు గుర్తింపుగా 1832లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకొనెను. మన పాతబస్తీలోని జహనుమా అను పేరునకు లోకమును చూపునది అని పారశీక భాషలో అర్థము. కంటికి అందని లోకమును చూపు యంత్రము లిస్టరునకు బాల్యము నుండియు ఇంటి వస్తువైయుండెను. ఇతర వైద్యులు నమ్మజాలని సూక్ష్మజీవులను ఆయన సులభముగా నమ్మగలుగుటకు ఇది యొక కారణము.

లండనులోని యూనివర్సిటీ కళాశాలలో చదివి, 1847లో బి.ఏ. పట్టమును, 1852లో వైద్యపట్టమును ఆయన పొందెను. ఆయన విద్యార్థిగా ఉన్న దినములలోనే, 1846 డిసెంబరులో, ఆ కళాశాల ఆసుపత్రియందు రాబర్టు లిస్టన్ అను శస్త్రవైద్యుడు ఈథరు మత్తునిచ్చి ఒక రోగి కాలు తీసివేసెను. కోత బాధ తొలగినది. కాని కోత తరువాతి మరణము తొలగలేదు. బాధ లేకపోవుటచే శస్త్రచికిత్సలు పెరిగినవి. వానితోపాటు చీముపట్టి చచ్చువారును పెరిగిరి.

1853లో లిస్టరు ఎడింబరో నగరమునకు పోయి, జేమ్సు సైమ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుని కడ శిష్యుడుగా చేరెను. 1856లో గురుపుత్రిక ఆగ్నెసును వివాహమాడెను. ఆమె వేరొక క్రైస్తవ శాఖకు చెందినదగుటచే ఆయన క్వేకరు శాఖను వదలుకొనవలసివచ్చెను. వారికి సంతానము కలుగలేదు. ఆమె భర్త పరిశోధనలలో పాలుపంచుకొని, ఆయన చెప్పుచుండగా పుటలకొలది వ్రాసిపెట్టి, జీవితాంతము తోడుగా నిలిచెను.

ఆ కాలపు ఆసుపత్రుల స్థితి తలచుకొన్నను ఒడలు జలదరించును. శస్త్రవైద్యుడు పాత కోటును తొడుగుకొని కోతకు పూనుకొనువాడు. అది నెత్తురుతో ఎంత బిగిసియున్న అంత అనుభవశాలి యని లోకము తలచెడిది. ఒక రోగి పుండు తుడిచిన స్పంజినే నీళ్లలో పిండి మరియొకని పుండు తుడిచెడివారు. చేతులు కడుగుకొనుట పని ముగిసిన తరువాతి మాట. పుండునుండి చిక్కని చీము వచ్చిన అది మానుటకు శుభసూచనయని పెద్ద వైద్యులే బోధించెడివారు. కుళ్లునకు చెడుగాలి కారణమని అందరును నమ్మిరి.

1860లో లిస్టరు గ్లాస్గో విశ్వవిద్యాలయమున శస్త్రవైద్యాచార్యుడయ్యెను. మరుసటి సంవత్సరము ఆ నగరపు రాయల్ ఇన్ఫర్మరీ యను పెద్ద ఆసుపత్రిలో రోగుల బాధ్యత ఆయనకు లభించెను. అచ్చట ఆయన మనస్సును కలచివేసిన విషయమొకటి కలదు. ఎముక విరిగినను చర్మము చిట్లనివాడు బద్దలు కట్టిన కొన్ని వారములలో లేచి తిరుగుచుండెను. అదే విరుపు, చర్మము కూడ చిట్లినచో, చీముపట్టి, కాలు తీసివేయుటకో ప్రాణము పోవుటకో దారితీయుచుండెను. గాలి ఇద్దరికిని ఒకటే, ఆసుపత్రి ఒకటే, తేడా చర్మమొక్కటే. చర్మము కోటగోడ వంటిది. గోడ పడినచోటనే శత్రువు లోనికి వచ్చుచున్నాడు. ఆ శత్రువెవడు?

1865లో రసాయనశాస్త్రాచార్యుడైన థామస్ ఆండర్సన్ ఫ్రాన్సు దేశపు పాస్తూరు పరిశోధనలను లిస్టరు దృష్టికి తెచ్చెను. పాలు పులియుటకును, మాంసము కుళ్లుటకును సూక్ష్మజీవులే కారణమని పాస్తూరు నిరూపించియుండెను. పుండు కుళ్లుటయు అట్టిదే యని లిస్టరునకు తోచెను. పాస్తూరు ఆ జీవులను వేడిచే చంపెను. రోగి శరీరమును కాచుటకు వీలులేదు గదా. ఆ రోజులలో కార్లైలు అను పట్టణమున మురుగు కంపు పోగొట్టుటకు తారునుండి తీసిన కార్బాలిక్ ఆమ్లమును వాడుచున్నారని విని, ఆయన దానిని తెప్పించెను. మొదటి ప్రయత్నములు ఫలింపలేదు. అయినను ఆయన విడువలేదు.

1865 ఆగస్టు 12వ తేదీన జేమ్సు గ్రీన్లీస్ అను 11 ఏండ్ల బాలుని ఆసుపత్రికి తెచ్చిరి. బండిచక్రము ఎక్కి వాని కాలి ఎముక విరిగి, చర్మము చిట్లియుండెను. లిస్టరు గాయమును కార్బాలిక్ ఆమ్లముతో తుడిపించి, అదే మందులో తడిపిన గుడ్డను కప్పి, మందు ఆవిరి కాకుండ పైన తగరపు రేకు వేసి, బద్దలు కట్టించెను. నాలుగు దినములైన పిమ్మట కట్టు విప్పిచూడగా చీము లేదు, కంపు లేదు. మందు ఘాటునకు చర్మము మాత్రము కందినది. అందుచే మందును పలుచన చేసిరి. ఆరు వారములకు ఎముక అతుకుకొనెను. కాలు పోవలసిన బాలుడు రెండు కాళ్లతో ఇంటికి నడచిపోయెను.

ఆ మరునాడే, అనగా ఆగస్టు 13వ తేదీన, వియన్నా చెంత ఒక పిచ్చాసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు మరణించెను. ప్రసూతి స్త్రీలను తాకుటకు ముందు వైద్యులు సున్నపు క్లోరిను నీళ్లతో చేతులు కడుగుకొనవలెనని 1847లోనే ఆయన చెప్పి, మరణములను తగ్గించి చూపియుండెను. లోకము ఆయనను ఆలకింపలేదు. ఒకడు చెప్పి ఓడిపోయిన సత్యమును, అతడెవరో ఎరుగని మరియొకడు ఆ ఘడియలలోనే తిరిగి చేపట్టుట చరిత్రలోని వింతలలో ఒకటి.

1867లో లిస్టరు తన విధానమును లాన్సెట్ అను వైద్యపత్రికలో వ్యాసపరంపరగా ప్రకటించెను. తరువాత లెక్కలను కూడ లోకము ముందుంచెను. ఈ విధానమునకు పూర్వము, 1864, 1866 సంవత్సరములలో ఆయన వార్డులలో కాలుసేతులు తీసిన 35 మందిలో 16 మంది మరణించిరి. విధానము అమలులోనికి వచ్చిన పిమ్మట, 1867 నుండి 1869 వరకు, 40 మందిలో 6 గురు మాత్రమే మరణించిరి. దాదాపు సగము మంది పోవుచోట సుమారు ఏడవవంతునకు వచ్చెను.

అంతమాత్రమున ఎల్లరును అంగీకరించిరని తలపరాదు. కంటికి కనబడని పురుగులకు జడియుట యేమని కొందరు నవ్విరి. క్లోరోఫారమును వైద్యమునకు తెచ్చిన జేమ్సు సింప్సన్ అంతటివాడు, ఈ మందును ఫ్రాన్సులో ఇతరులు లోగడనే వాడిరని ఆక్షేపించెను. మందు క్రొత్తది కాదని లిస్టరు కూడ ఒప్పుకొనెను. క్రొత్తది అందలి సూత్రము. పుండును తాకు ప్రతి వస్తువును, అనగా చేతులను, కత్తులను, దారములను, కోయబోవు చర్మమును, ముందుగా మందుతో శుద్ధిచేయవలెననుటయే ఆ సూత్రము. చర్మమునకును పరికరములకును 20 పాళ్లకు ఒక పాలు కార్బాలిక్ ద్రవమును ఆయన వాడెను. చర్మపు జిడ్డులోనికి చొచ్చుకొనిపోవు గుణము ఆ మందునకు కలదని ఆయన మెచ్చుకొనెను.

1869లో ఆయన మామగారి స్థానమున ఎడింబరోకు తిరిగివచ్చెను. గాలిలోని జీవులను కూడ చంపవలెనని 1871లో కార్బాలిక్ తుంపరలు చిమ్ము యంత్రమును ప్రవేశపెట్టెను. గదియంతయు ఘాటెక్కి, వైద్యులు దగ్గుచు, చేతులు తెల్లబారి తిమ్మిరెక్కుచు పనిచేయవలసివచ్చెను. గాలికంటె చేతులును చర్మమును ముఖ్యమని క్రమముగా తేలగా, ఆయన ఆ యంత్రమును విడిచి, 1890లో తాను పొరబడితినని పండితసభలో బహిరంగముగా చెప్పెను. అంతటి కీర్తి గడించిన పిమ్మట అట్లు చెప్పగలుగుట ఆయన గొప్పతనమునకు తార్కాణము.

1871లో విక్టోరియా రాణి చంకలో గడ్డ లేవగా బాల్మోరల్ భవనమునకు పోయి కోసి నయము చేసెను. 1877లో లండనులోని కింగ్స్ కళాశాలకు పోయి, ఆ సంవత్సరముననే విరిగిన మోకాటిచిప్పను తెరచి వెండితీగతో కుట్టెను. మూసియున్న కీలును తెరచుట ప్రాణాపాయమని భావించిన కాలమది. రోగి కోలుకొనగా లండను వైద్యుల సంశయములు సన్నగిల్లెను.

లిస్టరు గురుకులపు గాలి మన హైదరాబాదునకు కూడ సోకినది. సైమ్ బోధనలను శిరసావహించిన ఎడ్వర్డు లారీ అను వైద్యుడు ఇచ్చట రెసిడెన్సీ సర్జనుగాను, హైదరాబాదు వైద్యపాఠశాలకు పెద్దగాను పనిచేసెను. 1888, 1889 సంవత్సరములలో ఆయన నడిపిన క్లోరోఫారము సంఘములు లోకప్రసిద్ధములు. రెండవ సంఘమునకు నిజాము ప్రభుత్వము సొమ్మిచ్చి లండనునుండి లాడర్ బ్రంటన్ అను వైద్యుని రప్పించెను. క్లోరోఫారము గుండెను దెబ్బతీయదన్న వారి నిర్ణయము తరువాతి కాలమున నిలువలేదు. 1908 మూసీ వరద దాటి, 1920లలో ఉస్మానియా ఆసుపత్రి లేచి, చార్మినారుకు దక్షిణముననున్న జహనుమా వంటి బస్తీల బీదసాదలకు అండగా నిలిచెను.

1893లో ఇటలీ దేశమున ఆగ్నెసు మరణించెను. ఆ దుఃఖమునుండి లిస్టరు పూర్తిగా తేరుకొనలేదు. బిరుదములు మాత్రము వచ్చుచునేయుండెను. 1895 నుండి 1900 వరకు రాయల్ సొసైటీకి అధ్యక్షుడుగా ఉండెను. 1897లో ప్రభుపదవి లభించెను. 1912 ఫిబ్రవరి 10వ తేదీన తన 84వ యేట ఆయన కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టరు ఆలయమున అంత్యప్రార్థనలు జరిగినను, సమాధి మాత్రము హాంప్‌స్టెడ్‌లో భార్య ప్రక్కనే కట్టబడెను.

ఆయన మందు నేడు వాడుకలో లేదు. ఆయన సూత్రము పోలేదు. 1908లో గ్రోసిక్ అను వైద్యుడు కోతకు ముందు చర్మమునకు టించరు అయొడిను పూయు పద్ధతిని తెచ్చెను. 1950ల నుండి పోవిడోన్ అయొడిను, క్లోర్‌హెక్సిడిను అను మందులు వ్యాపించెను. గిన్నెలో మందు పోసి, పటకారుతో దూదియుండ పట్టి, కోతచోటునుండి వెలుపలికి తుడుచుకొనిపోవుట పాత పద్ధతి. అది ఇప్పటికిని పెక్కు ఆసుపత్రులలో కలదు. క్రొత్తగా ఒక్కసారి వాడి పారవేయు పుల్ల వచ్చినది. ప్లాస్టిక్ పిడిలో మందు నింపిన సన్నని గాజుబుడ్డి ఉండును. కొనయందు స్పంజి ఉండును. పిడిని నొక్కగనే బుడ్డి పగిలి మందు స్పంజిలోనికి దిగును. దానితో చర్మమును అటునిటు రుద్ది, ఆరనిత్తురు. ఆరకమునుపే విద్యుత్తు కత్తిని వాడినచో స్పిరిటునకు నిప్పంటుకొనగలదు.

ఒకసారికే యేల? పలుమార్లు తెరచిన సీసాలోని మందులో కూడ కొన్ని మొండి జీవులు బ్రతికియుండునని తేలినది. ఒకని స్పంజి మరియొకనికి పనికిరాదన్న లిస్టరు పాఠమే ఇది. ఏ మందు మేలన్న ప్రశ్నను కూడ ఆయన వలెనే లెక్కలతో తేల్చుచున్నారు. 2010లో వెలువడిన అమెరికా పరీక్షలో 849 మంది రోగులను చూడగా, క్లోర్‌హెక్సిడిను-స్పిరిటు పూసినవారిలో నూటికి 9.5 మందికి, పోవిడోన్ అయొడిను పూసినవారిలో నూటికి 16.1 మందికి కోతచోట చీము దోషము కలిగెను. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటిదానినే సిఫారసు చేసెను. 2024లో ప్రకటితమైన మరియొక పరీక్షలో, చర్మము చిట్లని ఎముక విరుపుల శస్త్రచికిత్సలలో, స్పిరిటుతో కూడిన అయొడినే కొంత మేలుగా కనబడెను. విచారణ సాగుచునేయున్నది.

శస్త్రచికిత్సకు పోవువారు ముందుగా సబ్బుతో స్నానము చేయుట, కోతచోట ఇంటివద్ద మంగలికత్తితో గొరిగించుకొనకుండుట, వైద్యుడు చేయు చర్మశుద్ధికి ఓపికతో సహకరించుట మంచిది. గొరిగినపుడు కలుగు కంటికి కనబడని గీతలే సూక్ష్మజీవులకు తలుపులగును. నేడు కోతకు పోయి కుట్లు మానిన దేహముతో ఇల్లు చేరుకొను ప్రతివాడును, ఎరిగినను ఎరుగకున్నను, లిస్టరునకు ఋణపడినవాడే. చేతులు కడుగుకొని పుండును తాకుట యను ఇంత చిన్న అలవాటుచే ఆ ఋణములో కొంత ప్రతి ఇంటను తీర్చుకొనవచ్చును.