ప్రశ్న ముందు.. పద్ధతి తర్వాత!

ఎంబీఏ ప్రాజెక్టు అనగానే మనలో చాలామంది చేసే మొదటి పని గూగుల్ ఫామ్ తయారుచేయడం. ఏం తెలుసుకోవాలో తేలకముందే 20 ప్రశ్నలు రెడీ! సర్వే మంచిదే. కానీ అన్నింటికీ అదే మందు కాదు. ఎల్టన్ మేయో జీవితం చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

మేయో 1880లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టారు. డాక్టర్ అవుతారని ఇంట్లోవాళ్ల ఆశ. అడిలైడ్, ఎడిన్‌బరో, లండన్.. మూడుచోట్ల మెడిసిన్ చదివినా పూర్తిచేయలేకపోయారు. కొంతకాలం ప్రింటింగ్ వ్యాపారం చూసుకుని, మళ్లీ యూనివర్సిటీకి వెళ్లి ఫిలాసఫీ, సైకాలజీ చదివారు. 1911లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో లెక్చరర్ అయ్యారు. 1922లో అమెరికా వెళ్లారు.

అక్కడ ఫిలడెల్ఫియాలోని ఒక బట్టల మిల్లులో చిక్కు సమస్య ఎదురైంది. నూలు వడికే విభాగంలో ఏడాదికి దాదాపు 250 శాతం మంది మానేస్తున్నారు. మిగతా విభాగాల్లో అది 6 శాతమే. బోనస్ ఆశ చూపినా ఫలితం లేదు. మేయో వెంటనే లెక్కల జోలికి పోలేదు. ముందు కార్మికుల మాట విన్నారు. ఆ తర్వాత మధ్యమధ్యలో విశ్రాంతి ఇప్పించి చూశారు. మానేసేవాళ్లు బాగా తగ్గారు.

1926లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో చేరారు. 1928 నుంచి షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీ పరిశోధనలో భాగమయ్యారు. టెలిఫోన్ పరికరాలు చేసే ఆ ఫ్యాక్టరీలో అప్పటికే వెలుతురు పెంచి, తగ్గించి ప్రయోగాలు చేశారు. వెలుతురు మార్చని గ్రూపులోనూ ఉత్పత్తి పెరిగింది! అంటే కారణం బల్బులో లేదు. అప్పుడు అయిదుగురు అమ్మాయిలను వేరే గదిలో కూర్చోబెట్టి, పనిగంటలు, విరామాలు మారుస్తూ ఏళ్లతరబడి గమనించారు.

తర్వాత 20 వేలకు పైగా ఇంటర్వ్యూలు జరిగాయి. మొదట్లో రాసుకున్న ప్రశ్నలే అడిగేవారు. కార్మికులు మాత్రం తమకు తోచిన విషయాల్లోకి వెళ్లిపోయేవారు. దాంతో పద్ధతే మార్చేశారు. వాళ్లు మాట్లాడాలి, మనం వినాలి.. అంతే. అరగంట ఇంటర్వ్యూ గంట దాటింది. కావాలనే తక్కువ పని చేస్తున్నారన్న సంగతి జాడగా బయటపడింది. దాన్ని తేల్చడానికి మరో దారి కావాల్సి వచ్చింది. మానవశాస్త్రవేత్త లాయిడ్ వార్నర్ సాయంతో 1931లో 14 మంది కార్మికుల గదిలో ఒక పరిశీలకుణ్ని కూర్చోబెట్టారు. రోజుకు ఇంతే చేయాలని వాళ్లలో వాళ్లే ఒక లెక్క పెట్టుకున్నట్టు తేలింది. ఎక్కువ చేసినవాణ్ని తోటివాళ్లే ఆపేవారు.

ఈ పరిశోధనకు లోపాలూ ఉన్నాయి. ఆ అయిదుగురిలో ఇద్దరిని మధ్యలో మార్చారు. ఒకేసారి చాలా విషయాలు మార్చడంతో ఉత్పత్తి దేనివల్ల పెరిగిందో విడదీయడం కష్టమైంది. తర్వాతి తరాలు మేయోను ఈ విషయంలో గట్టిగానే విమర్శించాయి. ఆయన 1949లో ఇంగ్లండ్‌లో కన్నుమూశారు.

రేపు ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు గురించి అడిగితే, ఈ పద్ధతే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్న రావచ్చు. ఎంత మంది, ఎంత శాతం అన్నది కావాలంటే సర్వే చేయండి. ఎందుకు అన్నది కావాలంటే కూర్చుని వినండి. చెప్పేదానికీ చేసేదానికీ తేడా ఉందనిపిస్తే దగ్గరుండి చూడండి. మీ పద్ధతితో తేలని విషయం ఏమిటో కూడా రిపోర్టులో ఒక పేరా రాయండి. ప్యానెల్ ముందు మీకు అండగా నిలిచేది ఆ పేరానే.