రహీమ్ సాహెబు

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909వ సంవత్సరమున హైదరాబాదులో జన్మించెను. ఆయన వృత్తిచే ఉపాధ్యాయుడు. ప్రవృత్తిచే ఫుట్‌బాల్ శిక్షకుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమాఱులు రోవర్స్ కప్పును గెలిచెను.

1951లో ఢిల్లీయందు జరిగిన ఆసియా క్రీడలలో ఆయన శిష్యులు స్వర్ణపతకము నందిరి. మఱుసటి యేట హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1 గోలులతో ఓడిరి. రహీమ్ క్రుంగిపోలేదు. బూట్లు ధరించి ఆడుటకు అలవాటుపడిన భారతజట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాల్గవస్థానము పొందెను.

1962 నాటికి క్యాన్సరు వ్యాధి ఆయన దేహమును పీడించుచుండెను. అయినను జట్టుతో జకార్తా ఆసియా క్రీడలకు వెడలెను. అచ్చట రక్షణస్థానమున ఆడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడెను. రహీమ్ అతనిని విడిచిపెట్టక, ముందువరుసలో నిలిపెను. తుదిపోటీలో దక్షిణ కొరియాపై మనవారు 2-1 గోలులతో గెలిచిరి. అందొక గోలు జర్నైల్ సింగ్‌దే!

1963 జూన్ 11వ తేదీన రహీమ్ కన్నుమూసెను.

బాలలారా! హైదరాబాదున గాని, కదిరిలో గాని, గోలు కొట్టిన వానినే జనులు కొనియాడుదురు. వాని శక్తి నెఱిగి తగినచోట నిలిపిన గురువును మీరు మఱవకుడు.