పానగల్ రాజా – పల్లె వైద్యం – ప్రజాధనం

మద్రాసు త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కు పేరు వినని తెలుగువారు తక్కువ. పెళ్ళి చీరలు కొనడానికి వెళ్ళినవారంతా దాని చుట్టూ తిరిగే వస్తారు. కాని ఆ పానగల్ ఎవరని అడిగితే చెప్పగలవారు అరుదు. ఆయన తెలుగువాడు. శ్రీకాళహస్తిలో పుట్టినవాడు. 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాజధానికి మొదటి మంత్రి, అంటే నేటి లెక్కలో ముఖ్యమంత్రి. పల్లెటూరివాడికి వైద్యం ఎవరు చెయ్యాలి, దానికి ఖర్చు ఎవరు పెట్టాలి అన్న ప్రశ్నను శాసనసభలో ప్రభుత్వ బాధ్యతగా చేపట్టిన తొలి మంత్రులలో ఆయన ఒకరు. ఆ ప్రశ్న నేటికీ తీరలేదు గనుక ఆయన జీవితం మనం తెలుసుకోదగ్గది.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలకు ఆయనతో సంబంధం ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో వున్న ఈ మెట్ట ప్రాంతం ఆ రోజుల్లో కృష్ణా జిల్లా నందిగామ తాలూకా. పడమట నైజాం సరిహద్దు. 1953 దాకా మనం మద్రాసు రాజధానిలోని వాళ్ళమే. కనుక పానగల్ రాజా చేసిన ప్రతి చట్టమూ మన వూళ్ళకూ వర్తించింది. అంతేకాదు, ఆయనకు ఎదురు నిలిచిన మహానాయకుడొకడు ఈ తాలూకాలోనే పుట్టాడు. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

పానగల్ రాజా అసలు పేరు పానగంటి రామారాయణింగారు. 1866 జులై 9న కాళహస్తిలో వెలమ జమీందారీ కుటుంబంలో జన్మించారు. మద్రాసు తిరువల్లిక్కేణిలో హైస్కూలు చదువు ముగించి, ప్రెసిడెన్సీ కాలేజీలో సంస్కృతం ముఖ్య విషయంగా బి.ఏ. పట్టం పొందారు. ఆ కాలపు జమీందారు బిడ్డలకు పట్టా అవసరం లేదు. తిన్నా తరగని ఆస్తి వుంటే పుస్తకం పట్టేవాడెవడు? అయినా ఆయన పట్టుదలగా చదివారు. సంస్కృతం మీద ప్రేమ, పాత శాస్త్రాల మీద గౌరవం ఆయనకు చివరిదాకా పోలేదు. ఆయన వైద్య విధానం అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1912 నుంచి 1915 వరకు దక్షిణాది జమీందారుల ప్రతినిధిగా ఢిల్లీ శాసనసభలో కూర్చున్నారు. తర్వాత జస్టిస్ పార్టీలో చేరారు. ఆ పార్టీని 1916లో పిట్టి త్యాగరాయ శెట్టి, డాక్టర్ టి.ఎం. నాయర్ మొదలైనవారు స్థాపించారు. 1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించింది. జస్టిస్ పార్టీకి మెజారిటీ వచ్చింది. డిసెంబరులో ఏర్పడిన మంత్రివర్గంలో రామారాయణింగారు స్థానిక స్వపరిపాలన మంత్రి అయ్యారు. సుబ్బరాయలు రెడ్డియార్ ఆరోగ్యం చెడి తప్పుకోగా 1921 జులై 11న తానే మొదటి మంత్రి అయ్యారు.

రాజకీయంగా ఆయన సంప్రదాయవాది అనే చెప్పాలి. విప్లవం గిట్టదు, సహాయ నిరాకరణ గిట్టదు. తెల్లదొరల రాజ్యాన్ని కూలదోయాలని ఏనాడూ అనుకోలేదు. ఏ మార్పు అయినా చట్టం ద్వారా, మెల్లమెల్లగా రావాలనేది ఆయన పద్ధతి. అందుకే జాతీయవాదులు ఆయన్ని సర్కారు మనిషి అన్నారు. అందులో నిజం లేకపోలేదు.

ఇక ఆయన చేతికి వచ్చిన అధికారం ఎలాంటిదో చూడాలి. 1919 చట్టం ప్రకారం వచ్చిన పాలనను ద్వంద్వ ప్రభుత్వం అంటారు. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు మంత్రులకు అప్పగించారు. ఖజానా తాళం మాత్రం గవర్నరు కార్యవర్గం దగ్గరే వుంది. వంట చెయ్యమని చెప్పి బియ్యం కొట్టు తాళం యివ్వకపోవడం లాంటిదిది. పైగా మెస్టన్ నిర్ణయం అని ఒకటి వచ్చింది. దాని ప్రకారం రాష్ట్రాలన్నీ కలిసి ఏటా 983 లక్షల రూపాయలు భారత ప్రభుత్వానికి కట్టాలి. అందులో మద్రాసు వాటా ఒక్కటే 348 లక్షలు! బొంబాయికి 56 లక్షలు, బెంగాలుకు 63 లక్షలు. మూడో వంతు భారం మనమీదే పడింది. మన రైతు కట్టిన శిస్తు, కల్లు సారా పాటల మీద వచ్చిన అబ్కారీ సొమ్ము ఢిల్లీకి వెళ్ళిపోతే, ఆస్పత్రులకు మిగిలేదెంత? ఈ కప్పం తగ్గించమని మద్రాసు ప్రభుత్వం యేళ్ళ తరబడి పోరాడింది. అది పూర్తిగా రద్దయ్యేసరికి పానగల్ రాజా పదవిలో లేరు.

ఈ కొరత మధ్యనే ఆయన ఎదుట చీరాల సమస్య నిలిచింది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి 1919లో మునిసిపాలిటీ చేశారు. పారిశుధ్యం, మంచినీళ్ళు, వీధుల బాగు అని చెప్పారు. వినడానికి బాగానే వుంది. కాని అంతకుముందు యేడాదికి 4,000 రూపాయలు కట్టే వూరు ఒక్కసారిగా 40,000 దాకా కట్టవలసి వచ్చింది. అక్కడివారిలో నేత పనివారు, చిన్నరైతులు ఎక్కువ. మాకు ఈ మునిసిపాలిటీ వద్దు మొర్రో అన్నారు. ప్రభుత్వం వినలేదు. స్థానిక స్వపరిపాలన మంత్రిగా ఆ జవాబుదారీ రామారాయణింగారిదే.

ఆ ప్రజలకు నాయకుడైనవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. మన నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో 1889లో పుట్టాడు. పుట్టిన మూడోనాడే తల్లిని పోగొట్టుకున్నాడు. పురిటి మంచం మీద తల్లులు పోవడం ఆ కాలపు పల్లెల్లో వింత కాదు. డాక్టరు అన్న మాట వినడమే గాని చూసినవారు తక్కువ. అలాంటి వూరి బిడ్డ ఎడింబరో వెళ్ళి ఎం.ఏ. చదివి వచ్చి, ఆరోగ్యం పేరుతో వేసిన పన్నునే ఎదిరించాడు. 1921లో సుమారు 15,000 జనాభాలో 13,000 మందికి పైగా యిళ్ళు వదిలి, వూరి బయట రామనగరం కట్టుకుని, ఎండకూ వానకూ ఓర్చి 11 నెలలు వున్నారు. గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్ళాడు. చివరకు జనం తిరిగి వచ్చారు. గెలిచింది ప్రభుత్వమే అనిపించింది. కాని జనం మనసులో ఓడింది కూడా ప్రభుత్వమే.

మంచినీళ్ళూ మురుగుకాల్వలూ అక్కర్లేదని చీరాల ప్రజలు అనలేదు. మమ్మల్ని అడక్కుండా, మా శక్తి చూడకుండా ఖర్చు నిర్ణయించారనే వారి గోడు. ఏ సంస్కరణ అయినా, అది ఎంత మంచిదైనా, కట్టేవాడి సమ్మతి లేకపోతే నిలవదని చీరాల చెప్పింది. పానగల్ రాజా ప్రజాజీవితంలో ఇది పెద్ద మచ్చ అని ఒప్పుకోక తప్పదు.

అయితే వైద్యం విషయంలో ఆయన నడిచిన దారి దీనికి పూర్తిగా భిన్నం. పై నుంచి కొత్తది తెచ్చి నెత్తిన పెట్టడం కాదు, వూళ్ళో వున్నదానికి సర్కారు సాయం జోడించడం. దీనికి రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది దేశీయ వైద్యం. ఆనాడు పెద్ద ఆస్పత్రులన్నీ ఐ.ఎం.ఎస్. దొరల చేతుల్లో వుండేవి. జిల్లా కేంద్రం దాటితే రోగికి దిక్కు నాటు వైద్యుడే. కోట్లమందికి వైద్యం చేసేవాడికి గుర్తింపు లేదు, పరీక్ష లేదు, శిక్షణ లేదు. 1921లో ప్రభుత్వం మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన ఒక సంఘం వేసింది. ఆ సంఘం సంస్కృతం, తెలుగు, తమిళం, ఉర్దూ భాషల్లో కూడా వైద్యుల సాక్ష్యాలు తీసుకుని 1923లో నివేదిక యిచ్చింది. ఆయుర్వేద, సిద్ధ, యునానీ పద్ధతులను ప్రభుత్వం గుర్తించి శిక్షణ యివ్వాలని చెప్పింది. ఇంగ్లీషు డాక్టర్లు చాలామంది మండిపడ్డారు. ప్రజాధనాన్ని నాటు మందులకు తగలేస్తారా అన్నది వారి అభ్యంతరం. ఆయన వెనక్కి తగ్గలేదు. 1925లో మద్రాసు కీల్పాక్‌లో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల తెరిచారు. దానికి మొదటి ప్రిన్సిపాలు కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రుడు. విద్యార్థులకు చరకంతో పాటు శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం కూడా చెప్పించారు.

సైన్సు విద్యార్థిగా నాకు నచ్చినది ఇదే. ముత్తాతల నాటిది గనుక అంతా గొప్పదే అనలేదు, పాతది గనుక అంతా చెత్త అనీ అనలేదు. చదివించి, పరీక్ష పెట్టి, రిజిస్టరు చెయ్యమన్నారు. మందు పనిచేసేదీ లేనిదీ ప్రయోగంలో తేలాలే గాని, అభిమానంతోనో ద్వేషంతోనో తేలదు. ఆ పాఠశాలలో నేర్పినదంతా నేటి పరీక్షకు నిలుస్తుందని నేను అనను. కాని పరీక్షకు తలుపు తెరిచినవాడు ఆయనే. 1960లో ఆ స్థలంలోనే కీల్పాక్ వైద్య కళాశాల వెలిసింది.

రెండవది పల్లె డాక్టర్ల పథకం. 1924లో మొదలైంది. ప్రతి వూళ్ళో సర్కారు ఆస్పత్రి కట్టి, జీతాలిచ్చి, పెన్షన్లిచ్చి నడపడానికి ఖజానా చాలదు. కనుక చదువుకున్న డాక్టరు ఆస్పత్రి లేని పల్లెలో కాపురం పెడితే యేటా కొంత సొమ్ము, కొంత మందుల సరఫరా యిస్తారు. అతను బీదలకు ఉచితంగా వైద్యం చెయ్యాలి. కలిగినవారి దగ్గర ఫీజు తీసుకోవచ్చు. ఎంత పొదుపైన ఆలోచన! రైతు ఇంట్లో కొత్త బండి చేయించే ముందు పాత బండికి ఇరుసు మార్చితే సరిపోతుందేమో చూసుకుంటారు. ఇదీ అలాంటిదే.

కాని ఇరుసు మార్చినా బండి నడవని చోట్లు వున్నాయి. ఫీజు యివ్వగలిగినవారు నలుగురు వున్న వూళ్ళో డాక్టరు నిలిచాడు. అందరూ పేదలే అయిన మెట్ట పల్లెల్లో, వర్షం మీద ఆధారపడి జొన్నలు పండించుకునే చోట, సర్కారు యిచ్చే కొద్దిపాటి సొమ్ముతో సంసారం ఈదలేక డాక్టర్లు మూట కట్టుకుని పట్నం చేరారు. అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే పథకం ముందు కూలింది. ఈ అనుభవాలన్నీ చూశాకనే కాబోలు, 1943లో ఏర్పడి 1946లో నివేదిక యిచ్చిన భోర్ కమిటీ వేరే దారి చెప్పింది. జీతం తీసుకుని పూర్తికాలం పనిచేసే సర్కారు డాక్టరు, ముందుగా 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వుండాలన్నది. నేటి మన పి.హెచ్.సి.లకు పునాది అదే.

ప్రజాధనం గురించి ఆయన పట్టింపు తెలియాలంటే దేవాదాయ చట్టం చూడాలి. 1922లో బిల్లు పెట్టి, ఎందరు అడ్డుపడినా 1925 నాటికి చట్టం చేయించారు. లోపాలు సవరించి 1927లో మళ్ళీ చేశారు. దేవుడి మాన్యాలకు, హుండీకి లెక్కలు చూపాలని శాసించింది అదే. ఈనాడు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ హుండీ లెక్కిస్తుంటే దేవాదాయ శాఖవారు కూర్చుంటున్నారంటే దాని మూలం అక్కడ వుంది. జనం యిచ్చిన కానుకకైనా, కట్టిన పన్నుకైనా జమాఖర్చు వుండాలి అనేది ఆయన చేతల్లో కనిపించే సిద్ధాంతం. అయితే జమీందారుల శిస్తు దగ్గర మాత్రం ఈ పట్టుదల కనిపించదు. తన వర్గం గీసిన గీత ఆయన దాటలేదు.

1923 నవంబరులో సి.ఆర్. రెడ్డి నాయకత్వంలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. వీగిపోయింది. వింత ఏమిటంటే ఈ ప్రభుత్వ కాలంలోనే వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం కింద 1926లో బెజవాడలో విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు తొలి ఉపాధ్యక్షుడు ఆ సి.ఆర్. రెడ్డిగారే. 1926 ఎన్నికల్లో జస్టిస్ పార్టీ ఓడింది. డిసెంబరులో పానగల్ రాజా పదవి దిగారు. 1928 డిసెంబరు 16న కన్నుమూశారు. అదే యేడు జూన్ 10న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పోయాడు. చీరాలలో ఎదురెదురుగా నిలిచిన యిద్దరూ ఆరు నెలల తేడాతో వెళ్ళిపోయారు.

ఇప్పుడు నందిగామలోను, జగ్గయ్యపేటలోను ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి. సాగర్ ఎడమ కాల్వ వచ్చి మెట్ట చేలు కొన్ని మాగాణి అయ్యాయి. పత్తి, మిరప పండిస్తున్నాం. అయినా మా వూళ్ళలో రైతు అప్పు చేసేది రెండింటికి: పెట్టుబడికి, ఆస్పత్రికి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రైవేటు ఆస్పత్రికి సర్కారు డబ్బు కట్టే పద్ధతి. ఒక విధంగా చూస్తే అది 1924 నాటి ఆలోచనకు మనుమరాలే. వున్న డాక్టరుకు సర్కారు సొమ్ము జోడించడమే కదా! అది ఎందరి ప్రాణాలనో కాపాడింది. కాని నాటి చిక్కే నేడూ వుంది. డబ్బు ఆస్పత్రి వున్న పట్నానికి వెళుతుంది, ఆస్పత్రి లేని పల్లెకు రాదు. జ్వరానికి, పురిటికి, పాము కాటుకు కావలసింది పక్క వూళ్ళో రాత్రిపూట వుండే డాక్టరు.

పానగల్ రాజా నుంచి మనం పొదుపు నేర్చుకోవాలి, లెక్క చూపడం నేర్చుకోవాలి, వున్నదాన్ని గౌరవించడం నేర్చుకోవాలి. గోపాలకృష్ణయ్య నుంచి, ఖర్చు పెట్టేముందు కట్టేవాణ్ణి అడగాలని నేర్చుకోవాలి. ఏ దాతా, ఏ ఫీజూ చేరని చోటికి మాత్రం సర్కారే తన జీతగాణ్ణి పంపక తప్పదని వారిద్దరి తర్వాతి చరిత్ర చెబుతోంది. మనలో రేపు డాక్టర్లయ్యేవారున్నారు, ఆఫీసర్లయ్యేవారున్నారు, ఎన్నికల్లో నిలిచేవారూ వుండవచ్చు. ఆ కుర్చీలో కూర్చున్న రోజున ఈ మూడు మాటలూ జ్ఞాపకం వుంచుకుంటే, పార్కుకు పేరు పెట్టడం కంటే ఆ పెద్దలకు అదే ఎక్కువ గౌరవం.