భాస్వరమును కొలిచిన ఆంధ్రుడు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పుదుచ్చేరి పట్టణమున గోరిమేడు చెంత ధన్వంతరి నగరములో వెలసిన జిప్మెర్ వైద్యసంస్థలో నర్సింగు విద్య నభ్యసించువారికి నీటిలెక్క ముఖ్యమైన పాఠము. రోగి త్రాగిన దెంత, సిరలోనికి ఎక్కించిన దెంత, మూత్రముగను వాంతిగను విరేచనముగను వెలికి పోయిన దెంత అను సంగతులు పట్టికలో పూట పూటకు వ్రాయవలెను. వానితోబాటు రక్తమున సోడియము, పొటాషియము, కాల్షియము, భాస్వరము ఎంతెంత యున్నవో చూచుచుండవలెను. తక్కిన లవణముల మాట యెట్లున్నను, భాస్వరపు పాలును సులభముగ, నమ్మదగినట్లు తేల్చు మార్గమును లోకమునకు చూపిన ఇరువురిలో ఒకరు తెలుగువారు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథము గారు, తల్లి వెంకమ్మ గారు. బాల్యము రాజమహేంద్రవరమున గడచినది. చదువులో ఆయన చురుకైన బాలుడని ఆనాడెవ్వరును అనుకొనలేదు. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కిరి. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారును మిత్రులును చదువునకు ద్రవ్యసహాయము చేసిరి. గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి పోవుటచే ఆంగ్లేయుడైన ఆచార్యునకు ఆగ్రహము కలిగినది. ఫలితముగ ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగ, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కినది. ప్రభుత్వ వైద్యోద్యోగము లభింపలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము ఉపాధ్యాయులుగ నుండిరి.

ఈ కాలముననే ఆయన జీవితమును మలుపు త్రిప్పిన దుఃఖము సంభవించినది. కొలది దినముల వ్యవధిలో ఇరువురు సోదరులు స్ప్రూ అను జాడ్యమునకు బలియైరి. ఇది ఉష్ణదేశముల వ్యాధి. ఆరోగ్యవంతుని చిన్నప్రేగు లోపలి పొర ముఖమల్ గుడ్డవలె సన్నని నూగుతో నుండును. ఆ నూగే ఆహారసారమును, నీటిని, లవణములను పీల్చుకొనును. స్ప్రూ సోకినవానికి ఆ నూగు అణగి చదునగును. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనములతో నీరును, సోడియమును, పొటాషియమును తరలిపోవును. నీరును సోడియమును తగ్గుటచే నాడి బలహీనమగును; పొటాషియము తగ్గుటచే కండరములు సడలును. ఫోలిక్ ఆమ్లము ప్రేగులనుండి అందకపోవుటచే రక్తము పలుచనగును. ఆనాటి వైద్యునకు దీని మూలము తెలియదు, మందును లేదు. చేతిలో వైద్యపట్టము నుండియు తోబుట్టువుల నిలుపుకొనలేకపోయిన ఆ యువకుడు పరిశోధన కొఱకు సముద్రము దాటుటకు నిశ్చయించుకొనెను.

ఓడఖర్చులకు మామగారును, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు తోడ్పడిరి. ఆ నాయకర్ గారు కోరంగివారు. రంగూనులో గడించిన ధనమును ధర్మమునకు వినియోగించిన పుణ్యాత్ములు. పుదుచ్చేరి పాలనలోని యానామునకు కోరంగి కూతవేటు దూరమే కనుక ఈ సంగతి ఇచ్చటి తెలుగువారికి మఱింత ఇంపుగ నుండును. 1920 దశకపు తొలి యేండ్లలో సుబ్బారావు గారు బోస్టను చేరి హార్వర్డులో ఉష్ణదేశ వైద్యము చదివిరి. పొట్టకూటికై పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేసి, రోగుల మలమూత్ర పాత్రల నెత్తిరి.

తదుపరి సైరస్ ఫిస్కే గారి ప్రయోగశాలలో చేరిరి. 1925లో వారిరువురు ప్రకటించిన పద్ధతి యిది: రక్తమునుండి గాని మూత్రమునుండి గాని తీసిన ద్రవమునకు ఆమ్లమును, మోలిబ్డేటును చేర్చి, ఆపైన వేఱొక ద్రవ్యమును కలిపినచో నీలిరంగు పుట్టును. భాస్వరమెంత యెక్కువో రంగంత చిక్కన. ఆ చిక్కదనమును కలరిమీటరుతో కొలిచిన చాలును.

కండరపు సారమును ఇట్లు పరీక్షించినపుడు మాత్రము ఒక వింత గోచరించినది. నీలిరంగు వెంటనే రాక మెల్లమెల్లగ చిక్కబడుచుండెను. అన్యులైనచో పరీక్ష తప్పినదని పారబోసియుందురు. వీరు మాత్రము భాస్వరము వేఱొక పదార్థముతో ముడివడి యుండి, ఆమ్లములో క్రమముగ విడివడుచున్నదని గ్రహించిరి. అదియే ఫాస్ఫోక్రియాటిన్, సంవత్సరము 1927. అదే యేట ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును ఈ పదార్థపు జాడను కనుగొనిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఏ.టి.పి., వీరి చేతికిని జర్మనీలో లోమన్ చేతికిని వేర్వేరుగ చిక్కినది.

దీనికిని మంచముచెంత నిలిచిన నర్సునకును సంబంధమేమి యని సందేహము కలుగవచ్చును. కణమునుండి సోడియమును వెలికి నెట్టి పొటాషియమును లోనికి లాగు పంపు ఏ.టి.పి. బలముతోనే పనిచేయును, ఈ సంగతిని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్కో 1957లో నిరూపించెను. చిరకాలము పస్తున్న రోగికి ఒక్కమారుగ పుష్టికరమైన ఆహారమిచ్చినచో ఇన్సులిన్ పెరిగి, చక్కెరతోబాటు రక్తములోని భాస్వరమును పొటాషియమును కణములలోనికి తరలిపోవును. పెద్దవారి రక్తరసమున డెసిలీటరునకు సుమారు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాముల వఱకు నుండవలసిన భాస్వరము మిక్కిలి పడిపోవును. ఏ.టి.పి. చాలక శ్వాసకండరములు సైతము అలసిపోవును. ప్రేమతో పెట్టిన అన్నమే ప్రాణము మీదికి తెచ్చు ఘట్టమిది. పట్టికలోని ఆ యొక్క అంకెను చూచియే దానిని ముందుగ పసిగట్టవలెను.

ఇంత చేసినను హార్వర్డు ఆయనకు స్థిరోద్యోగ మీయలేదు. ఆయన వేరుపరచిన కొన్ని పదార్థములను ఫిస్కే వెలుగు చూడనీయలేదని, వానిని ఇతరులు మరల కనుగొనవలసివచ్చినదని, అచ్చట చదివి తరువాత నోబెల్ బహుమానము నందిన హిచింగ్స్ గారు చెప్పియున్నారు. సుబ్బారావు గారు మాత్రము వాదులాటకు పోక 1940లో లెడర్లీ సంస్థలో చేరిరి. వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసినది. కొలదికాలములోనే దానిని క్యూబాలో స్ప్రూ రోగులకిచ్చి వైద్యులు గుణము చూచిరి. సోదరుల కందని మందు ఆ విధముగ లభించినది, పాతికేండ్లు ఆలస్యముగ.

1947లో అదే సంస్థనుండి హెట్రజాన్ వెలువడినది. బోదకాలు కూడ ఒకవిధముగ నీటిలెక్క తప్పుటయే. రక్తనాళములనుండి ఊరిన ద్రవమును మరల రక్తమునకు చేర్చవలసిన లసికానాళములు పురుగులవలన చెడిపోయి, ఆ నీరు కాలిలోనే నిలిచిపోవును. ఈ వ్యాధి పుదుచ్చేరిని చిరకాలము పీడించినది. 1975లో ఇచ్చట నెలకొన్న కేంద్రప్రభుత్వ కీటక నియంత్రణ పరిశోధనా కేంద్రము 1981 నుండి పట్టణమున దోమలపై పెద్దయెత్తున పోరాటము సాగించినది. ఒకప్రక్క దోమను అణచుట, మఱియొక ప్రక్క రక్తములోని పురుగుపిల్లలను హెట్రజాన్ మందుతో చంపుట ఈ వ్యాధికి విరుగుడు. 2004 నుండి దేశమున బోదకాలు ప్రాంతములలో ఇంటింట పంచిన మాత్రలలోను ఆ మందే యున్నది.

సుబ్బారావు గారు ఇవేమియు చూడలేదు. 1948 ఆగష్టు మాసమున, 53 ఏండ్ల ప్రాయమున, న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్‌లో నిద్రలోనే కన్నుమూసిరి. అమెరికా పౌరసత్వము పుచ్చుకొనలేదు. స్వదేశమునకు తిరిగి రానును లేదు. ధర్మపత్ని శేషగిరి గారు భర్తను మరల చూడనేలేదు.