నది వేగం కొలిచిన గొట్టం.. నేడు విమానానికి ప్రాణం: హెన్రీ పిటో జీవితం

శంషాబాద్ నుంచి జెద్దాకో, దుబాయ్‌కో వెళ్లే విమానం ముక్కు పక్కన ఎప్పుడైనా గమనించారా? చిన్న గొట్టాలు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. విమానం ఎంత వేగంతో పోతోందో పైలట్‌కు తెలిసేది వాటి ద్వారానే. వాటిని పిటో ట్యూబులంటారు. విమానం పుట్టడానికి వందేళ్లకు పైగా ముందే చనిపోయిన ఒక ఫ్రెంచ్ ఇంజినీర్ పేరది.

హెన్రీ పిటో 1695లో దక్షిణ ఫ్రాన్స్‌లోని అరమోన్‌లో పుట్టారు. చిన్నప్పుడు చదువంటే అస్సలు పడేది కాదట. కొన్నాళ్లు సైన్యంలో ఉన్నారు. ఒక పుస్తకాల షాపులో కంటబడిన జామెట్రీ పుస్తకం ఆయన్ని లెక్కల వైపు తిప్పిందని చెబుతారు. తర్వాత పారిస్ చేరి, రెయోమూర్ అనే పెద్ద శాస్త్రవేత్త దగ్గర పనిచేశారు. 1724లో సైన్స్ అకాడమీలో చోటు దక్కింది.

నదిలో లోతుకు వెళ్లే కొద్దీ నీళ్లు ఇంకా వేగంగా పారతాయని అప్పట్లో పండితులు నమ్మేవారు. పిటో ఆ మాటను అలాగే ఒప్పుకోలేదు. 1732లో సెన్ నదిలోకి రెండు గాజు గొట్టాలు దించారు. ఒకటి నిటారుగా ఉంటుంది. రెండోదాని కింది కొస వంగి, ప్రవాహానికి ఎదురుగా ఉంటుంది. ఎదురుగా ఉన్నదాంట్లో నీళ్లు ఎక్కువ ఎత్తుకు ఎక్కాయి. ఆ తేడానే వేగం లెక్క. కొలిచి చూస్తే పాత నమ్మకం తప్పని తేలిపోయింది.

తర్వాత సొంత ప్రాంతానికి వెళ్లి చిత్తడి నేలలు ఎండగట్టే పనులు, కాలువలు చూసుకున్నారు. రోమన్ల నాటి పోన్ దు గార్ పక్కనే రోడ్డు వంతెన కట్టారు. మోంపెలియే నగరానికి నీళ్లు తెచ్చే కట్టడం కూడా ఆయనదే. 1771లో సొంతూళ్లోనే కన్నుమూశారు.

నీళ్లకు పనికొచ్చిన ఆ సూత్రమే గాలికీ సరిపోయింది. కానీ గొట్టం మూసుకుపోతే అది తప్పు లెక్క చూపిస్తుంది. 1996 ఫిబ్రవరిలో డొమినికన్ రిపబ్లిక్‌లో బిర్గెన్ ఎయిర్ విమానం కూలి 189 మంది చనిపోయారు. కెప్టెన్ వైపు ట్యూబ్‌లో పురుగు గూడు కట్టి ఉంటుందని దర్యాప్తులో అనుమానించారు. విమానం పైకెళ్లే కొద్దీ వేగం పెరుగుతున్నట్టు ఆయన మీటర్ చూపించింది. కో-పైలట్ మీటర్ మాత్రం సరిగ్గానే ఉంది.

2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానం ట్యూబుల్లో మంచు చేరింది. ఆటోపైలట్ ఆగిపోయింది. సుమారు నిమిషంలోనే రీడింగులు మళ్లీ సరయ్యాయి. కానీ అప్పటికే కంగారులో పైలట్ ముక్కు పైకి లేపేశాడు. చివరిదాకా లేపుతూనే ఉండటంతో రెక్కలు గాలి మీద పట్టు కోల్పోయాయి. అట్లాంటిక్‌లో పడి 228 మంది పోయారు.

అందుకే వేగం రీడింగ్ మీద అనుమానం వస్తే ఏం చేయాలో పైలట్లకు సిమ్యులేటర్‌లో నేర్పిస్తారు. ముందు ఆటోపైలట్ తీసేయాలి. ముక్కు ఎన్ని డిగ్రీలు ఉండాలి, ఇంజిన్ పవర్ ఎంత పెట్టాలి అన్నది పుస్తకంలో ఉంటుంది. ఆ రెండూ సరిగ్గా పెడితే వేగం మీటర్ లేకున్నా విమానం నిలకడగా ఎగురుతుంది. తర్వాత కెప్టెన్ మీటర్, కో-పైలట్ మీటర్, స్టాండ్‌బై మీటర్ పక్కపక్కన పెట్టి ఏది తప్పో తేల్చాలి. దుకాణంలో చిట్టా, బ్యాంకు పాస్‌బుక్ కలవకపోతే మనం చేసేదీ ఇదే కదా.

ట్యూబుల్లో మంచు పట్టకుండా ఇప్పుడు హీటర్లు ఉంటాయి. నేల మీద నిలిపినప్పుడు పురుగులు దూరకుండా కవర్లు తొడుగుతారు. టేకాఫ్‌కు ముందు వాటిని తీశారో లేదో విమానం చుట్టూ తిరిగి చూడటం పైలట్ డ్యూటీల్లో ఒకటి.